మాటల మధ్య నవ్వు

ఆ రోజుల్లో అందరి చెవుల్లోనూ ఒక చిన్న యంత్రం ఉండేది. ఎదుటివాళ్ళు ఎంతసేపు మాట్లాడినా, వాళ్ళ గొంతు వినబడనీయకుండా సారం ఒక్క ముక్కలో చెప్పేసేది. కాకినాడలో కోదండపాణికీ అది లేనిదే పొద్దు గడిచేది కాదు.

ఒక ఆదివారం దాన్ని మరమ్మతుకిచ్చి, భార్య సుభాషిణి పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నాడు.

"మా మేనత్త పడవెక్కితే చాలండి, భయంతో పాట ఎత్తుకునేది. అవతలి రేవు వచ్చేదాకా ఆపేది కాదు," అంటూ సుభాషిణి అచ్చం ఆవిడలాగే రాగం తీసి, తనే నవ్వేసింది.

పెళ్ళైన కొత్తలో ఆ నవ్వు కోసమే కోదండపాణి ఆమెను ఏదో ఒకటి అడుగుతూ ఉండేవాడు. ఇన్నేళ్ళూ యంత్రం మాటల సారం అందించింది గానీ నవ్వును వదిలేసింది.

"ఇది నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చాలాసార్లు చెప్పానండి. మేనత్తకి పడవంటే భయం అని మాత్రం వినబడుంటుంది మీకు."

కోదండపాణి చేతిలోని చిక్కుడుకాయ పక్కన పెట్టి, ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు.

మర్నాడు యంత్రం తిరిగొచ్చింది. ఆఫీసులో పెట్టుకున్నాడు. సాయంత్రం గుమ్మంలోనే తీసేసి, వంటింట్లో చతికిలబడ్డాడు.

"ఇవాళ ఏమేం జరిగిందో చెప్పు. ఏదీ వదలకు."

సుభాషిణి ఆయన ఖాళీ చెవి వంక కాసేపు చూసింది.

"అయితే కాళ్ళు చాపుకోండి. ఇది పెద్దదే," అంది.