నలుగురిలో చిన్నది

“ఒసేయ్ చిట్టీ, టోపీ తిరగేసి పెట్టుకున్నావే. అక్షరాలు లోపలికి పోయాయి,” అంది పెద్దక్క.

చిట్టి టోపీ తీసి మళ్ళీ పెట్టుకోబోయింది. ఆ రబ్బరు టోపీ ఒక పట్టాన తలకెక్కలేదు. చివరికి నర్సక్క వచ్చి రెండు చేతులతో చెవుల దాకా లాగి, “ఇప్పుడు ఊడమన్నా ఊడదు,” అంది. పక్కనే టైలరక్క, చిట్టి ఈత దుస్తుల భుజం దగ్గర వేలాడుతున్న దారాన్ని గోటితో తెంపుతోంది. ఎక్కడికెళ్ళినా ఆవిడ కళ్ళు కుట్ల మీదే.

గోడ అవతల నుంచి జనం హోరు వినిపిస్తోంది. ఎన్నో దేశాల వాళ్ళు వచ్చిన పోటీ, ఆడవాళ్ళ ఫ్రీస్టైల్ రిలే. జట్టుకు నలుగురు. ఒక్కొక్కరూ అవతలి గోడ దాకా ఈది తిరిగి రావాలి. వచ్చినవాళ్ళు గోడ ముట్టుకున్నాకే తరవాతివాళ్ళు దూకాలి. అందరికన్నా చిన్నది కదా, దమ్ముంటుందని ఆఖరి వంతు చిట్టికి అంటగట్టారు.

ఆ దమ్ము సంగతి పోయినేడే తేలిపోయింది. ఇదే పోటీలో, సగం దూరం రాగానే ఊపిరి అందక, పక్కనున్న తాడు పట్టుకుని లాక్కుంటూ వచ్చింది చిట్టి. అంతే, జట్టు పేరు కొట్టేశారు. అక్కలు పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదని ఏడాది పొడుగునా కుమిలిపోయింది.

ఇంటి నుంచి ఫోను మోగింది.

“తిన్నావా?”

“తిన్నాను.”

“ఒక్కదానివే అటూ ఇటూ తిరక్కు. తడినేల మీద చూసుకుని నడువు. ఈ ఒక్కసారికే ఒప్పుకున్నాం, గుర్తుందిగా?”

“గుర్తుంది.”

“మళ్ళీ మధ్యలో ఆగిపోయావో, ఇంక ఈతా లేదు, గీతా లేదు. బుద్ధిగా ఇంట్లో కూర్చోవడమే.”

సరేనంది చిట్టి. ఇంట్లో వాళ్ళను ఎదిరించి బతికే వయసు కాదు ఆమెది. కానీ ఈత పోతే తనకేం మిగులుతుందో వాళ్ళకేం తెలుసు? నీళ్ళలో దిగితే ఒళ్ళు దూదిపింజలా తేలిపోతుంది. అక్కడ ఎవరూ చెయ్యి పట్టుకుని నడిపించరు. రోజు మొత్తంలో ఆ గంట ఒక్కటే తనది.

“ఏమంటారే?” అంది పెద్దక్క.

“ఆగిపోతే ఇదే ఆఖరట.”

“మా ఇంట్లోనూ అదే పాట. ఆగకుండా ఉంటే సరి, పద.”

తలుపు తీయగానే చిట్టి గుమ్మంలోనే ఆగిపోయింది. ఎత్తైన కప్పు, చుట్టూ వేల మంది, మధ్యలో కదలకుండా నీలంగా మెరిసిపోతున్న నీళ్ళు. ఇంత వైభవం మధ్య నాకేం పని అనిపించింది. నిరుడూ అలాగే అనిపించింది.

ఒక అధికారి దగ్గరికొచ్చి, “మీరు కావాలంటే నీళ్ళలో దిగి అక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు, దూకక్కర్లేదు,” అన్నాడు.

పెద్దక్క అతణ్ణి ఎగాదిగా చూసింది. “మెట్లు దిగడానికైతే ఇంత దూరం రావడం ఎందుకు?”

కూత మోగింది. పెద్దక్క దూకింది. నేల మీద నాలుగడుగులకు నలభై సణుగుళ్ళు సణిగే మనిషి, నీళ్ళలో పడగానే మారిపోయింది. చెయ్యి తరవాత చెయ్యి, తొందర లేదు, తడబాటు లేదు. చిట్టి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. తరవాత నర్సక్క, ఆ తరవాత టైలరక్క. పక్క వరుసల వాళ్ళు మాత్రం ఎప్పుడో చాలా ముందుకు వెళ్ళిపోయారు.

“పక్కకు చూడొద్దు. మన గోడ మనం ముట్టుకుంటే చాలు,” అన్నాడు వెనకనుంచి కోచ్.

టైలరక్క చెయ్యి గోడకు తగిలింది. చిట్టి కళ్ళు మూసుకుని దూకేసింది.

వెళ్ళడం బాగానే వెళ్ళింది. అవతలి గోడ తన్ని వెనక్కి తిరిగాక గుండెలో మంట మొదలైంది. పోయినేడు ఆగిన చోటే. తాడు మూరెడు దూరంలో ఊగుతోంది. పట్టుకుంటే ప్రాణం హాయి. పట్టుకుంటే ఇంట్లో కూర్చోవడమే.

ఊపిరి కోసం తల తిప్పినప్పుడల్లా హోరు వినిపిస్తోంది. ఎవరో గెలుస్తున్నారు కాబోలు అనుకుంది. ఈసారి కళ్ళు తెరిచి చూసింది. పక్క వరుస ఖాళీ. ఇటు చూస్తే ఇటూ ఖాళీ. కొలనులో ఇంకెవరూ లేరు. ఆ హోరంతా తనకేనని అర్థమయ్యేసరికి ఒళ్ళు జలదరించింది. తాడు వైపు మళ్ళీ చూడలేదు.

చెయ్యి గోడకు తగిలింది.

తల పైకెత్తితే, వేల మందీ లేచి నిలబడి ఉన్నారు. ఎప్పుడో ఈదేసిన ఏడు జట్ల వాళ్ళూ లోపలికి పోకుండా, ఒంటి మీద నీళ్ళు కారుతుండగా గట్టు పొడుగునా నిలబడి చప్పట్లు కొడుతున్నారు. కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు.

“గెలిచిందెవరక్కా?” అంది చిట్టి రొప్పుతూ.

“ఏమోనే. చూసేది మాత్రం మనల్నే,” అంది పెద్దక్క. ఆవిడ వంగి చిట్టికి చెయ్యి అందించింది.

గట్టెక్కి తువ్వాలు కప్పుకునేసరికి ఫోను మోగనే మోగింది. “టీవీలో చూశాం. ఇంక మానెయ్యమని అనను. ఇంటికొచ్చాక రోజూ కొలను దగ్గర నేనే దింపుతా,” అని వినిపించింది. చిట్టి భోరున ఏడ్చేసింది.

పక్కనే నిలబడి అదంతా విన్న విలేకరి మైకు ముందుకు పెట్టింది. “నలుగురిలో చిన్నవారు మీరేనట. మరి ఇంత బాగా ఈదేవారిని ఇంట్లో ఎందుకు వద్దన్నారు?”

“మా పిల్లల భయం వాళ్ళది, నాకు ఎనభై ఎనిమిదేళ్ళు మరి.”