రేకు పొయ్యి మీద పరమాన్నం

రథసప్తమి పొద్దున మా రేకు పొయ్యి వెలగలేదు. అందరి ఇళ్లలోనూ ఇప్పుడివే. కాస్టిక్ సోడా నీళ్లలో అల్యూమినియం రేకు ముక్క వేస్తే గ్యాసు పుడుతుంది, మంట వస్తుంది. ఈరోజు ముక్క వేసినా ఒక్క బుడగ రాలేదు. నైవేద్యం అయితే గానీ ఎనభై ఏళ్ల మా అమ్మ మంచినీళ్లు ముట్టదు.

"పొయ్యిని ఏం చేశావ్?" అని మా ఆవిడ సుభాషిణిని అడిగాను.

"పరమాన్నం వండేది కదండీ, దేవుడి గిన్నెల్లా మెరవాలని పొయ్యి తొట్టిలో చింతపండు రసం పోసి తోమాను. కడగడం మరిచి సోడా నీళ్లు పోసేశాను."

"పులుపు తగిలితే ఆ నీళ్లకు క్షారగుణం ఉంటుందా?"

అమ్మ నవ్వింది. "కోడలి భక్తికి పొయ్యి కూడా ఉపవాసం ఉందిరా! బట్టల సోడా నీళ్లలో నా తాంబూలం సున్నం కలిపి, తేరిన నీళ్లు తొట్టిలో పోయరా. మా అమ్మ సబ్బుకు అలాగే చేసేది."

తొట్టి కడిగి అలాగే పోశాను. ముక్క చుట్టూ బుడగలు లేచాయి. కాసేపటికి పాలు పొంగాయి.

చిక్కుడాకుల్లో నైవేద్యం పెట్టాక నా సందేహం బయటపెట్టాను.

"పిడకల మీద వండాల్సింది కదమ్మా. నీళ్లలో పుట్టిన మంటను సూర్యుడు ఒప్పుకుంటాడంటావా?"

"ఆయన సంగతి సాయంత్రం మాట్లాడుకుందాం. ముందు నాకో గరిటెడు వడ్డించు."