గంటె ఎవరి చేతికి

“ప్యాకెట్ ఉల్లిగడ్డలా? రేపు ప్రేమవిందు బిర్యానీల ప్యాకెట్ ఉల్లిగడ్డలు ఏస్తవా బిడ్డా?”

సువార్తమ్మ గొంతుకు మార్కెట్లో బేరాలాడుతున్న నలుగురు ఇటు తిరిగారు. ఉల్లిగడ్డల కట్టయ్య మాత్రం తిరగలేదు. ఆ గొంతు అతనికి అలవాటే.

“తప్పేముంది ఆంటీ? మూడు వందల మందికి కోసుడు, గంటల కొద్ది వేయించుడు ఎందుకు? మన రామలింగం అన్న షాపుల వేయించినయే దొరుకుతానయి. ప్యాకెట్ చింపుడు, చల్లుడు,” అంది కీర్తన. చర్చి మహిళా సమాజంలో ఈ మధ్యే చేరిన పిల్ల. మాట మెత్తన, పట్టు గట్టిది.

విందు సరుకులు కొనడానికి వాళ్ళతో వచ్చిన సంఘ పెద్ద సుందర్ రావు, చేతిలో సంచి కింద పెట్టాడు.

“లొల్లి వద్దు. సాయంత్రం ఐదున్నరకు చర్చికాడికి తలా ఒక గిన్నె పట్టుకరాండ్రి. నేను తిని చెప్త. ఏది మంచిగుంటే రేపు బిర్యానీల అదే పడుతది. గెలిచినోళ్ళ చేతికే గంటె.”

ఇరవై ఏళ్ళుగా ఆ చర్చి విందుల్లో గంటె సువార్తమ్మదే. ఆమె హాయిగా నవ్వింది.

“గంటె నా చేతులకెల్లి యాడికి పోతది అన్నా. నువ్వు ఫికర్ చేయకు.”

అప్పటికప్పుడే కట్టయ్య కుప్ప ముందు చతికిలబడి ఒక్కో గడ్డనూ వేళ్ళతో నొక్కి చూసింది. గట్టివి, మెడ సన్నగా ఎండినవి, పొట్టు గలగలలాడేవి సంచిలోకి. మెత్తబడినవి, మొలకెత్తినవి వెనక్కి.

“గిట్ల ఏరుకుంటే మిగిలినయి నేనెవరికి అమ్మాలె అమ్మా?” అన్నాడు కట్టయ్య.

“ప్యాకెట్లు చేసేటోళ్ళకు అమ్ము,” అంది సువార్తమ్మ, కీర్తనకు వినపడేలా.

ఇంటికొచ్చి, ఏరి తెచ్చిన రెండు కిలోల గడ్డలూ ఒకే మందాన తరిగింది. వెడల్పు మూకుడు పెట్టి, మంట తగ్గించి, చిటికెడు ఉప్పు చల్లింది. ఉల్లి మెత్తబడింది, నీరింకింది, మెల్లగా బంగారు రంగుకు తిరిగింది. ఇల్లంతా తియ్యటి వాసన. ఇక ఐదు నిమిషాల్లో అయిపోతుందనగా ఫోన్ మోగింది. సమాజం సెక్రటరీ శోభారాణి.

“అక్కా, నీ తీరుగ ఎర్రగ మాకెందుకు రావు?”

సువార్తమ్మకు లోకంలో ఇంతకంటే ఇష్టమైన ప్రశ్న లేదు. ఇంట్లో సిగ్నల్ అందదని వాకిట్లోకి వచ్చి మరీ చెప్పింది.

“తొందరపడి మంట పెంచద్దు. కలుపుతనే ఉండాలె. ఆఖరుకు ఒక్క నిమిషం అటిటయినా చేదెక్కుతది. అందుకే చెప్తాన శోభా, పొయ్యి ముందటికెల్లి కదలనే వద్దు.”

మాడు వాసన ఆమెకంటే ముందు పక్కింటివాళ్ళకు తెలిసింది.

మూకుడు నిండా బొగ్గులు. టైము మూడున్నర. ఇంట్లో ఒక్క గడ్డ మిగల్లేదు. ఆటోలో మార్కెట్‌కు పోయి వచ్చి, తరిగి, తన పద్ధతిలో వేయించేసరికి ఆరు దాటుతుంది. ఆదరాబాదరాగా రామలింగం కిరాణా కొట్టుకు పరుగెత్తితే అక్కడున్నవన్నీ మొలకలొచ్చిన గడ్డలే. వాటికి పైన, తీగకు వేలాడుతూ ప్యాకెట్లు కనిపించాయి.

సువార్తమ్మకు సిగ్గు ముంచుకొచ్చింది. ఆ వెంటనే ఆలోచన కూడా వచ్చింది. కీర్తన తెచ్చేదీ ఈ ప్యాకెట్టే. రెండు గిన్నెల్లో ఒకటే సరుకైతే గెలిచేదెవరు, ఓడేదెవరు? సమానమని తేలితే గంటె పెద్దదాని చేతిలోనే ఉంటుంది. కొంగు తలమీదికి లాక్కుని మూడు ప్యాకెట్లు కొంది. ఇంటికొచ్చి స్టీలు డబ్బాలో పోసి మూత పెట్టేసరికి పోయిన ధైర్యమంతా తిరిగొచ్చింది.

ఐదున్నరకు చర్చి వరండాలో సమాజం ఆడవాళ్ళంతా గుమిగూడారు. శోభారాణి చాటుగా రెండు పళ్ళేల్లో వడ్డించి తెచ్చింది. ఏది ఎవరిదో సుందర్ రావుకు తెలియదు. ఎడమ పళ్ళెంలోంచి చిటికెడు నోట్లో వేసుకున్నాడు. నీళ్ళు తాగి, కుడి పళ్ళెంలోంచి మరో చిటికెడు. సువార్తమ్మ గోడకు ఆనుకుని తీరిగ్గా చూస్తోంది.

“ఇండ్ల అడిగేదేముంది? ఎడమ దాంట్ల పాత నూనె వాసన. కుడి దాంట్ల ఉల్లిగడ్డ తీపి నాలికకు తెలుస్తాంది. ఇది మన సువార్తమ్మ చేయి.”

శోభారాణి నసిగింది. “కుడిది కీర్తనది అన్నా.”

సుందర్ రావు మూతి తుడుచుకున్నాడు.

“అట్లయితే ప్యాకెట్లే గెలిచినయి. రేపటికి ప్యాకెట్లే తెప్పిద్దాం. సువార్తమ్మా, గంటె ఆ పిల్లకియ్యి.”

సువార్తమ్మ లెక్క తప్పింది. ఒకే ప్యాకెట్టు ఒక పళ్ళెంలో ఓడి, మరో పళ్ళెంలో ఎలా గెలుస్తుంది? గబగబా వెళ్ళి కుడి పళ్ళెంలోంచి నాలుగు ముక్కలు నోట్లో వేసుకుంది. ఒక్కసారి నమలగానే సంగతి అర్థమైంది. పోయిన ప్రాణం లేచొచ్చింది.

“ఇది ప్యాకెట్ కాదన్నా. ఇరవై ఏండ్ల సంది వేయిస్తాన, నాకు తెల్వదా? ఇది సన్న మంట మీద ఇంట్ల వేయించింది. పందెం చెల్లది.” కీర్తన వైపు తిరిగి, అందరికీ వినపడేలా నిలదీసింది. “దేవుని మందిరంల నిలబడ్డవ్ బిడ్డా, నిజం చెప్పు. ప్యాకెట్ తెస్తనని, ఇంట్ల వేయించి ఎందుకు తెచ్చినవ్?”

కీర్తన తల వంచుకుంది.

“నాలుగింటికి పోయిన ఆంటీ, రామలింగం అన్న దగ్గరికి. ఉన్న మూడు ప్యాకెట్లు ఇప్పుడే మీరు కొన్కపోయిన్రని చెప్పిండు.”