జక్కయ్యగారి డౌట్లు

తిరుపతిరావు బోర్డు తుడవబోతూ ఉంటే చివరి బెంచీలోంచి మళ్ళీ చెయ్యి లేచింది.

ఏ కుర్రాడి చెయ్యో అయితే బాగానే ఉండేది. అరవై దాటిన జక్కయ్య చెయ్యి అది.

"అండ్ ఉంటే కాంపౌండ్ సెంటెన్సన్నారు కదండీ. మరి 'ఇశ్రాయేలు అండ్ మార్త వెంట్ టు గుణదల' అన్నామనుకోండి, అదీ కాంపౌండేనా అండీ?"

క్లాసు గొల్లుమంది. కంకిపాడు వైపు నుంచి వచ్చే పిల్లలు మాత్రం తలెత్తలేదు.

డౌటు అడిగినవాణ్ణి నాలుగు మాటలని క్లాసును నవ్వించకపోతే తిరుపతిరావుకు పాఠం చెప్పినట్టే ఉండదు. ఈ వయసులో బుర్రకు అంతకన్నా ఎక్కదులెమ్మని ముందు ఆ ముచ్చట తీర్చుకున్నాడు. ఆ తర్వాత, వెళ్ళింది ఇద్దరైనా క్రియ ఒక్కటే కాబట్టి అది సింపుల్ సెంటెన్సేనని మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు. అంతలో గంట కొట్టారు. కాంప్లెక్స్ సెంటెన్సు కాస్తా మర్నాటికి పడింది.

రోజూ ఇదే వరస.

గవర్నర్‌పేటలో మేడ మీద రెండు గదులు, ఓ రేకు బోర్డు. అదే తిరుపతిరావు ట్యుటోరియల్. బడిలో పరీక్ష తప్పి, ప్రైవేటుగా మెట్రిక్ కట్టేవాళ్ళే అతని పిల్లలు. నిరుడు తన దగ్గరే లెక్కలు చెప్పిన వెంకటసుబ్బారావు రోడ్డు దాటి, సరిగ్గా ఎదురు మేడ మీద సొంత బోర్డు కట్టాడు. పోతూ పోతూ సగం మందిని వెంట తీసుకుపోయాడు. ఈసారి ఇంగ్లీషులో అందరూ గట్టెక్కకపోతే తిరుపతిరావు బోర్డు దించుకోవాల్సిందే.

అలాంటప్పుడు అరవై దాటినాయన వచ్చి ఫీజు కట్టి, మెట్రిక్ చదువుతానంటే ఎవరు నమ్ముతారు?

ఈ వయసులో ఎందుకండీ అంటే, నేర్చుకోవాల్సింది మిగిలిపోయిందన్నాడు. ఏం పని చేసేవారండీ అంటే నవ్వి ఊరుకున్నాడు.

వెంకటసుబ్బారావే పంపించి ఉంటాడని తిరుపతిరావుకు అనుమానం పట్టుకుంది. పోర్షను పూర్తి కానివ్వకుండా చెయ్యడానికి ఇంతకన్నా మంచి ఉపాయం ఏముంది? పైగా ఆ డౌట్లు రోజుకో రకంగా ఉంటున్నాయి. ఒక్క మనిషికి అన్ని రకాల తెలివితక్కువతనం ఉండదే?

ఒకనాటి సాయంత్రం బస్సు స్టాపులో జక్కయ్య కంటపడనే పడ్డాడు. కంకిపాడు పిల్లలు చుట్టూ మూగి ఏదో గుసగుసలాడుతున్నారు. జక్కయ్య తల ఊపుతూ వింటున్నాడు. తిరుపతిరావును చూడగానే అందరి నోళ్ళూ టక్కున మూతపడ్డాయి.

ఉన్న నలుగురినీ కూడా ఎదురు మేడ ఎక్కించేస్తున్నాడన్నమాట.

మర్నాడు చివరి బెంచీలోంచి చెయ్యి లేవగానే సుద్దముక్క బల్ల మీద పెట్టేశాడు.

"జక్కయ్యగారూ, మీరెవరి మనిషో నాకు తెలుసు. ఇక దయచెయ్యండి."

జక్కయ్య లేచి నిలబడ్డాడు. ఏదో చెప్పబోయి, పక్కనున్న పిల్లల వంక చూసి ఆగిపోయాడు. ఉత్తరీయం సర్దుకుని, ఒక్కొక్క మెట్టే దిగి వెళ్ళిపోయాడు.

ఆపైన పాఠం బస్సులా పరుగెత్తింది. కాంప్లెక్స్ సెంటెన్సులు ఒక్క పూటలో తేలిపోయాయి. డౌట్లున్నాయా అంటే ఎవరూ నోరు మెదపలేదు. పోర్షను ముందుగానే పూర్తయింది. పీడ విరగడైందని తిరుపతిరావు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

ఫలితాలొచ్చాయి. కంకిపాడు వైపు పిల్లలు ఒక్కరు మిగలకుండా ఇంగ్లీషులో పోయారు.

వారం తిరక్కుండా, వాళ్ళలో అమలమ్మ అనే పిల్ల ఎదురు మేడ మెట్లెక్కబోతూ తిరుపతిరావు కంటపడింది. అతను గబగబా రోడ్డు దాటాడు.

ఆ ముసలాయన చివరికి అనుకున్నంతా చేశాడుగా అన్నాడు.

అమలమ్మ ఎక్కబోయిన మెట్టు దిగింది.

"ఆ డౌట్లు ఆయనవి కావు మాష్టారూ. మావి."

తిరుపతిరావుకు అర్థం కాలేదు.

"మేం అడిగితే మీరు నవ్వుతారని భయమండీ. బస్సు దగ్గర ఆయనతో చెప్పుకునేవాళ్ళం. నవ్వితే నన్ను చూసి నవ్వుతార్లే అమ్మా, మీరు రాసుకోండి అనేవారు."

ఎదుటి మనిషిలో తాను వెతికిందంతా తన బుర్రలోని కుళ్ళేనని తిరుపతిరావుకు అప్పుడు తెలిసింది. ఆయన్ని ఒకసారి చూడాలన్నాడు.

ఆ రోజు అందరి ముందూ అంత మాట పడ్డాక, ఆయన మళ్ళీ బెజవాడ బస్సెక్కలేదని అమలమ్మ చెప్పింది. పిలవడానికి వెళితే, మీ మాష్టారికి నా మీద కోపం, అది మీ మీదకు రాకూడదన్నారట.

"ఇంతకీ మీకోసం ఆయనకెందుకంత తాపత్రయం?" అన్నాడు తిరుపతిరావు.

"మా ఊరి బళ్ళో మాకు ఇంగ్లీషు చెప్పింది ఆయనేనండీ. మేం ఏమీ అడక్కపోతే, పరీక్ష తప్పేదాకా అంతా అర్థమైందనే అనుకున్నారట."