లోపలి గడియ

మూడో దెబ్బకి పెనం పిడి ఊడిపోయింది. ఆమె దాన్ని విసిరికొట్టి, పెనాన్ని రెండు చేతులా పట్టుకుని పడకగది తలుపు మీద మళ్లీ బాదింది.

"తలుపు తియ్యి. నా బిడ్డను నాకిచ్చెయ్."

మెట్లెక్కి వచ్చిన నర్సు గుమ్మంలోనే ఆగిపోయింది. కొత్తగా తల్లిదండ్రులైనవాళ్ల ఇళ్లకి వారానికోసారి వెళ్లి, పాలు పట్టడం దగ్గర్నుంచి కోపం ఆపుకోవడం దాకా నేర్పి రావడం ఆమె ఉద్యోగం. పదిహేనేళ్లలో ఆమె చూడని రకం మొగుడు లేడు. ఈ ఇంటి మొగుడి మీద మొదటివారమే ఆమెకి అనుమానం పుట్టింది. మాంసం కొట్లో పని. తలుపంత మనిషి. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు, ఏమడిగినా తలూపి ఊరుకుంటాడు.

హాలంతా పగిలిన గాజు పెంకులు. నేల మీద రక్తపు అడుగులు. బాలింత అరికాలు తెగింది. కుడి మణికట్టు చుట్టూ ఎర్రగా వేళ్ల అచ్చులు.

"ఎవరు పట్టుకున్నారమ్మా ఇలా?"

"ఇంకెవరు, ఆయనే. పాపను లాక్కుపోయి లోపల గడియ పెట్టుకున్నాడక్కా."

"ఎంతసేపైంది?"

"అరగంట. పాలవేళ దాటిపోయింది."

నర్సు తలుపు దగ్గరికి వెళ్లింది. "బాబూ, నేనొచ్చాను. తియ్యి."

"ఇప్పుడు కాదక్కా. ఇంకో పది నిమిషాలు."

ఆ గొంతులో కోపం లేదు. కేకలు వేసేవాళ్లని ఆమె ఎలాగో దారిలో పెట్టగలదు. ఇలా చల్లగా మాట్లాడేవాళ్లంటేనే ఆమెకి భయం.

"పాప ఏం చేస్తోంది?"

"నిద్రపోతోంది."

"ఇంత గోలలో నిద్రేమిటి? ఏం చేశావు దాన్ని?"

నర్సు తలుపుకి చెవి ఆనించింది.

"కోపమొస్తే ఏం చెయ్యాలో నేను చెప్పలేదూ?"

"మీరు చెప్పిందే చేస్తున్నా."

నర్సుకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను చెప్పింది బిడ్డను వదిలి అవతలికి పొమ్మని. బిడ్డతో దాక్కోమని కాదు."

రెండు వారాల కిందట ఆమె ఈ ఇంటికి ఒక ఒప్పందం కాగితం తెచ్చింది. కోపం హద్దు మీరితే ఏం చెయ్యాలో ఇంట్లోవాళ్లే రాసుకుని, సంతకం పెట్టి, గోడకి అంటించుకోవాలి. నర్సుకి చూపించక్కర్లేదు. చూపించమంటే ఎవరూ నిజం రాయరని ఆమె అనుభవం. ఆ కాగితాన్ని ఆమె కావాలనే అతనివైపు జరిపింది. అతను పెళ్లాం మొహం ఓసారి చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇవాళ్టిదాకా ఆ కాగితం ఏ గోడ మీదా కనపడలేదు.

లోపల పాప సన్నగా మూలిగింది. పోలీసులు వచ్చేదాకా ఆగితే ఏమవుతుందో ఆమె ఒకసారి చూసింది, రెండోసారి చూడదలుచుకోలేదు. మెట్ల మీద నుంచే కింది వాటా మెకానిక్‌ని కేకేసింది. అతను బావమరిదిని వెంటబెట్టుకుని ఇనప రాడ్డుతో వచ్చాడు.

"రోజూ ఇదే రభస. రోజూ ఇల్లు పీకి పందిరి వేస్తున్నాడు వెధవ," అన్నాడు. తనకి ఈ అవకాశం ఇప్పటికైనా వచ్చినందుకు కాస్త సంతోషంగానే ఉన్నట్టున్నాడు.

నాలుగు పోట్లకి గడియ ఎగిరిపోయింది.

అతను గది మూల గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. పాప గుండె మీద ఉంది. దాని చెవులు రెండూ తన అరచేతులతో మూసి పట్టుకున్నాడు. చొక్కా చిరిగింది. మెడ మీద గోళ్ల గాట్లు, ముంజేతి మీద పంటి గాటు. బిడ్డ కోసం ఆ తల్లి ఎంత పెనుగులాడిందో అనుకుని నర్సు కళ్లు చెమర్చాయి.

మెకానిక్ రాడ్డుతో భుజం మీద కొట్టాడు. అతను చెయ్యెత్తలేదు, పాపను వదల్లేదు. రెండో దెబ్బ మోచేతికి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. చెయ్యి వేలాడిపోయింది. నర్సు పాపను లాక్కుంది. బావమరిది అతన్ని కింద పడేసి ఛాతీ మీద మోకాలు పెట్టాడు.

"ఆమెకివ్వకండక్కా," అన్నాడతను. "ఇంకా నాలుగు నిమిషాలుంది."

"నోర్ముయ్," అంది నర్సు. ఆ పని మెకానిక్ కాలు పూర్తి చేసింది. రెండు పళ్లు నేల మీద పడ్డాయి.

ఆమె పాప బట్టలు విప్పి నఖశిఖపర్యంతం చూసింది. ఎక్కడా ఒక్క గీత లేదు. అప్పటికి ఊపిరి పీల్చుకుని, పాపను తల్లి చేతుల్లో పెట్టింది.

"వేళకి వచ్చాను తల్లీ. ఇంక భయంలేదు."

తల్లి పాపను లాక్కున్నట్టే తీసుకుంది. మొగుడివైపు చూడనైనా చూడలేదు. "పాలు పట్టాలి," అని వంటగదిలోకి వెళ్లి లోపల గడియ పెట్టుకుంది. మంచిదే, ఈ నెత్తురంతా ఆ పిల్ల చూడకపోవడమే మేలనుకుంది నర్సు. కాసేపటికి వంటగదిలో పాప గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది. ఆకలి మరి.

పోలీసులకి ఫోన్ చేద్దామని తిరగబోతుంటే, విరిగిన తలుపు లోపలివైపు ఒక కాగితం వేలాడుతూ కనపడింది. తను తెచ్చిందే. తలుపు వెనక అంటించారన్నమాట. సాక్ష్యానికి పనికొస్తుందని ఊడదీసి చదివింది.

"నా చెయ్యి లేస్తే నలభై నిమిషాలదాకా పాపను నాకివ్వకు. నేను ఏడ్చినా, తిట్టినా, కాళ్లు పట్టుకున్నా ఇవ్వకు. నా సంగతి ఎవరికీ చెప్పకు."

రాసిచ్చి మరీ మాట తప్పాడన్నమాట, అనుకుని నర్సు పళ్లు కొరికింది. ఆమె చూపు చివరి వరుస మీదికి జారింది.

సంతకం తల్లిది.