పాస్టరమ్మ పిడికెడు

ఫోను వచ్చేసరికి చైత్ర ఆత్మకూరులో, పుట్టింటి మిద్దె మీద సగ్గుబియ్యం వడియాలు పెడుతోంది.

"మనల్ని పిలిచినారు" అన్నాడు భర్త పెంచలప్రసాద్ అటువైపు నుంచి. "ఉదయగిరి కాడ పల్లె. చిన్న మందిరం. పాస్టరుగా రమ్మంటా ఉండారు."

కొత్త పెళ్లికూతురు చైత్ర పిండి చేతులతోనే మెట్లు దిగి, అమ్మను పట్టుకొని గిరగిరా తిప్పేసింది.

ప్రమీలమ్మ మాత్రం జీతం సంగతి అడిగింది.

జీతం లేదు. అక్కడ విశ్వాసుల ఇళ్లలో ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు. వారానికోసారి అవన్నీ మందిరానికి చేరతాయి. పాస్టరు ఇంట్లో పొయ్యి వెలిగేది వాటితోనే.

"ఎమ్మెస్సీ చదివింది పిడికెడు బియ్యంతో కాపురం చేసేదానికా మే?"

"పిలిచిన దేవుడు పెట్టడా అమ్మా?"

ఆ మాట ప్రసాద్‌ది. చైత్ర అరువు తెచ్చుకుంది. లోపల భయం ఉంది కాబట్టే అమ్మకు మాటిచ్చింది. బియ్యం డబ్బా ఖాళీ అయితే తిరిగొచ్చేస్తుంది. అమ్మ మాట్లాడి పెట్టిన స్కూల్లో టీచరుగా చేరుతుంది. ప్రసాద్ కూడా సరేనన్నాడు.

పల్లెలో ఒంటిగది ఇల్లు చైత్రకు తెగ నచ్చింది. కిటికీ తీస్తే కొండ. తలుపు తీస్తే ఎవరివో మేకలు. ఇద్దరికీ ఒకటే కంచం. ఎవరి వైపు కూర ఎక్కువుందని రోజూ తగాదా.

మొదటి ఆదివారం వచ్చిన బియ్యం డబ్బా అడుగున పలచగా పరుచుకున్నాయి.

తరువాతి శనివారం పొద్దున్నే ఒక ముసలామె గడప ముందు నిలబడింది. భుజాన గుడ్డసంచి. ఆమె నోరు తెరవకముందే చైత్ర లోపలికి పరుగెత్తి, పిడికెడు బియ్యం తెచ్చి ఆ సంచిలో పోసింది.

ముసలామె సంచిలోకి చూసింది. చైత్ర ముఖంలోకి చూసింది.

"నువ్వు గూడా పెడతావా తల్లీ?"

"ఉండేదాంట్లోనే అవ్వా."

అవ్వ బోసినోటితో నవ్వి, మేకల్ని అదిలించుకుంటూ పోయింది.

ఇంత లేమిలోనూ అడుక్కునే మనిషికి పెట్టగలిగానని చైత్ర రోజంతా గాలిలో తేలింది. డబ్బా తొందరగా ఖాళీ చేసి అమ్మ దగ్గరికి పోదామనా అని ప్రసాద్ ఆటపట్టించాడు.

మర్నాడు బియ్యం రెట్టింపు వచ్చాయి.

ఆ పై వారం ఇంకా ఎక్కువ. శనివారం అవ్వ రావడం, చైత్ర పిడికెడు పోయడం. ఆదివారం సంఘంలో పెద్దావిడ లిదియమ్మ బియ్యం సంచి తెచ్చి మందిరంలో బల్ల ముందు పెట్టడం. మళ్లీ వస్తాయి గదా అని, వచ్చినవి వచ్చినట్టే వండి ఆరాధనకు వచ్చిన వాళ్లందరికీ వడ్డించేది చైత్ర. పెడితేనే వస్తాయని ప్రసాద్‌కే ప్రసంగం చెప్పేది.

అవ్వ పేరేమిటో అడగాలని మాత్రం తోచలేదు.

ఒక శనివారం అవ్వ రాలేదు. సాయంత్రం లిదియమ్మ ఒట్టి చేతులతో వచ్చింది.

"రేపటికి బియ్యం లేవమ్మగారూ. శీనమ్మ పోయింది. నిద్రలోనే."

శీనమ్మ ఎవరని అడిగింది చైత్ర.

"మేకల అవ్వ. శనివారం మీ గడపకు వచ్చేది గదా."

అయ్యో, అడుక్కునే అవ్వా అని చైత్ర నొచ్చుకుంది. తను ఏ వారమూ ఉత్తచేతులతో పంపలేదని చెప్పింది.

లిదియమ్మ తల అడ్డంగా ఊపింది. శీనమ్మకు సొంత మంద ఉందని చెప్పింది. బాప్తిస్మం లేదు, మందిరంలో అడుగు పెట్టలేదు. ఎప్పుడో జబ్బుపడితే పాత పాస్టరుగారు ప్రార్థన చేశారు. అప్పటి నుంచి మేకలతో తిరిగే పల్లెల్లో విశ్వాసుల ఇళ్ల పిడికెడు బియ్యం పోగుచేసి, లిదియమ్మ చేత మందిరానికి పంపేది ఆమే.

"కొత్త అమ్మగారిని చూసి పోదామని వచ్చింది ఆ పొద్దు. మీరు బియ్యం పోసినారంట. ఇంక ఆ సంచి ప్రతి ఇంట్లో తెరిచి చూపించింది. పాస్టరమ్మే తన కూట్లోంచి పెడతా ఉండాది, మీకేమొచ్చింది మే అని. గుడికి రానోళ్లు గూడా పెట్టినారమ్మా."

చైత్ర డబ్బా మూత తీసి లోపలికి చూసింది.

అప్పుడే ఫోను మోగింది. సోమవారం స్కూలు తెరుస్తున్నారని ప్రమీలమ్మ.

"డబ్బాలో బియ్యం ఉండాయా?"

"లేవమ్మా."

"అయితే రేపు వస్తా ఉండావు గదా?"

"రాలేనమ్మా. రేపు ఆరాధన అయినాక శీనమ్మవ్వ తిరిగిన ఇళ్లకంతా బియ్యం అడగను పోవాల. ఇప్పుడు ముందు అవ్వను చూసేదానికి వాళ్లింటికి పోతాను."