ఆపిన ఆట

“ఆపండి! ఆట ఆపేయండి!” అంటూ బిందుమాధవి మధ్యలోకి పరిగెత్తింది.

మంగళగిరిలో ఖాళీగా పడి ఉన్న మగ్గాల షెడ్డు అది. పెట్టుడు కోరలతో రక్తపిశాచుల వేషాలు వేసుకున్న కుర్రకారు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ఆదివారాలు అక్కడ చేరి, అప్పటికప్పుడు కథ అల్లుకుంటూ ఆడతారు. ఆడేవాళ్ళ ఒంటికీ మనసుకీ దెబ్బ తగలకుండా చూసే కోఆర్డినేటర్ బిందుమాధవి. జీతం లేని పని, ఇష్టంగా నెత్తినేసుకుంది.

ఇవాళ కథలో, ఆటగాళ్ళలో ఒకరైన రెబెకాకి తమ్ముడైన పిశాచి ఎండ తగిలి చనిపోయాడు. ఆ వేషం వేసిన లక్ష్మీకాంత్ ఆమె ఒళ్ళో తల పెట్టి కళ్ళు మూసుకున్నాడు. రెబెకా బావురుమంది. ఏం నటన అనుకున్నారంతా. ఆమె సొంత తమ్ముడు జయపాల్ పోయిన నెలే బైక్ మీంచి పడి చనిపోయాడని తెలిసింది బిందుమాధవికొక్కదానికే.

అందుకే ఆట ఆపి, రెబెకాను పక్కకు తీసుకెళ్ళి మంచినీళ్ళిచ్చింది.

“ఎందుకాపారక్కా?”

“నువ్వు నిజంగా ఏడుస్తున్నావమ్మా.”

“అవునక్కా. ఇంట్లో ఏడవనివ్వరు. ప్రభువు దగ్గరికెళ్ళినోడి కోసం ఏడిస్తే విశ్వాసం లేనట్టేనంటాడు నాన్న. వాడు పోయాక ఇవాళే ఏడుపొచ్చింది.”

బిందుమాధవి వెనక్కి తిరిగి, “మళ్ళీ మొదలుపెట్టండి” అంది.

లక్ష్మీకాంత్ వచ్చి మళ్ళీ ఒళ్ళో తల పెట్టాడు. రెబెకా అతని జుట్టు నిమురుతూ చాలాసేపు కూర్చుంది.

చివరికి తలెత్తి, పొడి కళ్ళతో బిందుమాధవి వైపు చూసింది.

“రావట్లేదక్కా.”